కారవాన్ లాగడానికి సెకండ్ హ్యాండ్ కారు (యూకే): ఏ నంబర్లు చూసి కొనాలి?

వాన_మాంచెస్టర్
అందరికీ నమస్తే. నాలుగు బెర్తుల సింగిల్ యాక్సిల్ కారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి) ఖాయం చేసుకున్నాం. తలుపు పక్కన ప్లేటు మీద ఎంఐఆర్ఓ 1,180 కేజీలు, ఎంటీపీఎల్ఎం 1,320 అని ఉంది. ఇప్పుడు దాన్ని లాగే కారు కావాలి. బడ్జెట్ 13,000 పౌండ్లు. లైసెన్స్ ఆటోమేటిక్ మాత్రమే. ఇద్దరు పెద్దలం, ఇద్దరు పిల్లలు. ఏ మోడల్ చూడమంటారు? డీజిలా, హైబ్రిడా?

గోదారిగట్టు
మోడల్ సంగతి తర్వాత, ముందు లెక్క. ఎంఐఆర్ఓ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి బరువు. ఎంటీపీఎల్ఎం అంటే మీ సామానంతా ఎక్కించాక దాటకూడని బరువు. మధ్యలో తేడా 140 కేజీలు, మీ సామానుకు దక్కేది అంతే. ఆనింగ్ (పక్కన వేసుకునే గుడారం), బ్యాటరీ, మోటార్ మూవర్ (కారు లేకుండా కారవాన్‌ను జరిపే మోటారు) అందులోనే రావాలి. మూవర్ ఒక్కటే 30 కేజీల పైన తినేస్తుంది.

కొత్తవాళ్లకు ఇక్కడి క్లబ్బులు చెప్పే సూత్రం: కారవాన్ ఎంటీపీఎల్ఎం కారు కర్బ్ వెయిట్‌లో (ఖాళీ కారు బరువులో) 85 శాతం మించకూడదు. 1,320ని 0.85తో భాగిస్తే 1,553. అంటే 1,550 కేజీలకు తగ్గని కారు చూసుకోండి. ఇది చట్టం కాదు, సలహా. చేయి తిరిగినవాళ్లు 100 శాతం దాకా వెళ్తారు, అంతకు మించి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. ఎంటీపీఎల్ఎం బదులు కారవాన్ ఖాళీ బరువు పెట్టి లెక్క వేసి "సరిపోతుంది" అనే అమ్మకందార్లున్నారు, జాగ్రత్త.

లైసెన్స్ గురించి: 2021 డిసెంబర్ 16 నుంచి మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కేజీల దాకా ట్రైలర్ లాగొచ్చు, వేరే టెస్ట్ లేదు. ఆటోమేటిక్ పరిమితి మాత్రం అలాగే ఉంటుంది.

బోల్టుసుబ్బి
యాడ్‌లో రాసిన "టోయింగ్ కెపాసిటీ" నమ్మొద్దు. అదే పేరు, అదే ఇంజన్, అదే ఏడాది అయినా గేర్‌బాక్స్ మారితే అంకె మారిపోతుంది. కియా సొరెంటో 2.2 డీజిల్ చూడండి: మాన్యువల్‌కు 2,500, ఆటోమేటిక్‌కు 2,000. చాలా యాడ్‌లలో రెండింటికీ 2,500 అనే రాసేస్తారు.

డ్రైవర్ తలుపు తీసి పిల్లర్ మీదగానీ, బానెట్ కిందగానీ విన్ ప్లేటు (కారు గుర్తింపు నంబరుండే ప్లేటు) వెతకండి. నాలుగు బరువులుంటాయి, పైనుంచి కిందకు:
మొదటిది కారు నిండుగా ఉన్నప్పటి గరిష్ఠ బరువు.
రెండోది కారు, ట్రైలర్ కలిపి గరిష్ఠ బరువు (ట్రెయిన్ వెయిట్).
మూడోది ముందు యాక్సిల్, నాలుగోది వెనక యాక్సిల్.

రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. వచ్చిందే కారు నిండా జనం, సామాను ఉన్నప్పుడు లాగగలిగే బరువు. రెండో లైన్లో గీత ఉన్నా, సున్నా ఉన్నా, ఆ లైనే లేకపోయినా ఆ కారు లాగడానికి కాదు. టో బార్ (ట్రైలర్ తగిలించే కడ్డీ) బిగించి ఉన్నా సరే.

వాన_మాంచెస్టర్
ఒక ఎస్టేట్ చూశాం. ప్లేటు మీద 2,110, కింద 3,910. తీసేస్తే 1,800. కానీ వీ5సీలో (కారు రిజిస్ట్రేషన్ పత్రంలో) ఓ.1 దగ్గర 2,000 అని ఉంది. ఏది నమ్మాలి?

బోల్టుసుబ్బి
రెండూ నిజమే, రెండూ పాటించాలి. ట్రైలర్ ఒక్కటీ ఎప్పటికీ 2,000 దాటకూడదు. కారు, ట్రైలర్ కలిపి 3,910 దాటకూడదు. కారులో మీరొక్కరే ఉండి 1,900 బరువుంటే వెనక 2,000 లాగొచ్చు. కారు 2,110కి నిండితే వెనక 1,800 మాత్రమే. మీ 1,320కి ఎలాగైనా ఇబ్బంది లేదు.

వీ5సీలోనే ఓ.2 అంటే బ్రేకు లేని ట్రైలర్ పరిమితి, దాన్ని చూసి కంగారు పడకండి. "జి" దగ్గర ఉండే బరువులో సాధారణంగా 75 కేజీల డ్రైవర్ కూడా కలిసి ఉంటాడు. 85 శాతం లెక్క అంచు మీద ఉంటే ఈ 75 తీసేసి మళ్లీ వేయండి.

పాతడీజిల్
ఆటోమేటిక్, 13,000, 1,550 కేజీల పైన అంటే నా వరస ఇదీ.

సొరెంటో 2.2 ఆటో, 2015 తర్వాతిది. బరువు 1,800 పైనే, కాబట్టి మీ కారవాన్ 73 శాతం దగ్గర ఉంటుంది. టార్క్ కన్వర్టర్ బాక్సు, ఇంజన్‌కు టైమింగ్ చైన్. తాగుడు కొంచెం ఎక్కువే, లాగేటప్పుడు గ్యాలన్‌కు పాతిక మైళ్లు వస్తే సంతోషించాలి. శాంటా ఫే 2.2 కూడా ఇదే లోపలి సరుకు, దొరికితే చౌకగా వస్తుంది.

టిగువాన్ 2.0 టీడీఐ 150 ఫోర్‌మోషన్ (నాలుగు చక్రాల డ్రైవ్) డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). బరువు బాగుంది, లాగే పరిమితి చాలా ఎక్కువ. ఈ బడ్జెట్‌లో మైలేజీ ఎక్కువ తిరిగినవే దొరుకుతాయి.

సూపర్బ్ ఎస్టేట్ 2.0 టీడీఐ. 1,750 ఆర్‌పీఎం నుంచే 340 ఎన్ఎం, రోడ్డు మీద కుదురుగా ఉంటుంది. బరువు మాత్రం మీ 1,553కి అటూ ఇటూగా ఊగుతుంది, ట్రిమ్‌ను బట్టి వీ5సీ చూడాల్సిందే.

డీజిలైతే యూరో 6 (పొగ ప్రమాణం) తప్పనిసరిగా చూసుకోండి. 2015 సెప్టెంబర్ తర్వాత రిజిస్టరైనవి దాదాపు అన్నీ అవే. లేదంటే లండన్‌లోకి వెళ్లిన ప్రతి రోజూ 12.50 పౌండ్లు, బర్మింగ్‌హామ్ నడిబొడ్డున 8.

నేరేడు
డీఎస్‌జీ అనగానే ఒకే బాక్సు అనుకోవద్దు. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీక్యూ200 (1.6 టీడీఐ, 1.5 టీఎస్ఐలాంటి వాటికి వచ్చేది) 250 ఎన్ఎం వరకే. ఏటవాలులో కారవాన్‌తో పాక్కుంటూ వెనక్కి పెడితే ఆ క్లచ్ వేడెక్కుతుంది. చల్లార్చడానికి నూనె లేదు మరి. 2.0 టీడీఐలో వచ్చే వెట్ క్లచ్ బాక్సులు (ఆరు గేర్ల డీక్యూ250, తర్వాత వచ్చిన ఏడు గేర్ల డీక్యూ381) వేరు, వాటితో లాగొచ్చు. డీక్యూ250కి 40,000 మైళ్లకోసారి నూనె, ఫిల్టర్ మార్చిన బిల్లు ఉండాలి. "ఫుల్ సర్వీస్ హిస్టరీ" పుస్తకంలో ఇంజన్ ఆయిల్ ముద్రలే ఉంటాయి, గేర్‌బాక్స్ ముద్ర వేరేగా వెతకండి. ఫోర్‌మోషన్ అయితే వెనక చక్రాలకు శక్తి పంపే హాల్డెక్స్ క్లచ్‌కు మూడేళ్లకోసారి నూనె.

వాన_మాంచెస్టర్
హైబ్రిడ్ అసలు వద్దా? ఇంట్లో అందరూ దాని వైపే ఉన్నారు.

గోదారిగట్టు
వద్దని కాదు, ప్లేటు చూడకుండా వద్దు. రావ్4 హైబ్రిడ్ ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాల డ్రైవ్) లాగే పరిమితి 1,650 కేజీలు, అదే ఫ్రంట్ వీల్ డ్రైవ్ 800 మాత్రమే. బయట నుంచి రెండూ కవలలు. 2019 నుంచి వచ్చిన సీఆర్‌వీ హైబ్రిడ్ 750. ఔట్‌లాండర్ పీహెచ్ఈవీ (ప్లగ్‌లో పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్) 1,500, బరువు 1,800 పైన, మీ లెక్కకు ఇదీ సరిపోతుంది. కానీ మోటర్‌వే మీద కారవాన్‌తో ఛార్జ్ తొందరగా అయిపోయాక పెట్రోల్ ఇంజన్ మీదే నెట్టుకురావాలి, అప్పుడు మైలేజీ చూసి బాధపడకూడదు.

పాతడీజిల్
ఇంకోవైపు చూస్తే, కారు వారమంతా స్కూలుకూ షాపుకూ రెండేసి మైళ్లే తిరిగేదైతే డీజిల్ కొని తప్పు చేసినట్టే. డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) మసి కాలాలంటే ఇరవై నిమిషాలైనా వేడిగా, ఒకే వేగంతో పరిగెత్తాలి. కారవాన్ లాగిన రోజు అది శుభ్రంగా కాలుతుంది. మిగతా యాభై వారాల సంగతే చూసుకోవాలి.

నేరేడు
నోస్ వెయిట్ ఎవరూ ఎత్తలేదు. కారవాన్ ముక్కు టో బాల్ (టో బార్ చివరి గుండు) మీద మోపే బరువు అది. నిండిన కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, మీకు 66 నుంచి 92 కేజీలు. కారు, టో బార్, కారవాన్ హిచ్ (బాల్‌ను పట్టుకునే భాగం), మూడింటికీ పరిమితులుంటాయి, వాటిలో తక్కువదే మీ పరిమితి. కారుది 75 అయితే హిచ్‌కి 100 ఉన్నా 75 దగ్గర ఆగాలి. చిన్న కార్లలో 50, 60 కూడా ఉంటాయి, 1,320 కారవాన్‌కు అవి చాలవు. ముక్కు మరీ తేలికైతే కారవాన్ తోక ఊపుతుంది.

పైగా ఆ 75 వెనక యాక్సిల్ మీద 75గా పడదు. బాల్ వెనక చక్రాలకు మీటరు అవతల, వీల్‌బేస్ 2.7 మీటర్లు అనుకోండి: 75 × 3.7 ÷ 2.7 = 103 కేజీలు వెనక యాక్సిల్ మీద, ముందు చక్రాల మీద 28 తగ్గుతుంది. విన్ ప్లేటు నాలుగో అంకె దాటేది ఇక్కడే. డిక్కీలో 10 కేజీల సోనా మసూరి సంచులు రెండు, కుక్కర్, పచ్చడి సీసాలు, నీళ్ల క్యాన్‌లు సర్దుతారు మనవాళ్లు. అవన్నీ కారవాన్ యాక్సిల్‌కు సరిగ్గా పైన, నేల మీద పెట్టండి. ముందు లాకర్‌లో గ్యాస్ సిలిండర్ పక్కన కాదు, వెనక మంచం కింద అసలే కాదు.

కొనబోయే కారు వెనకభాగం ఖాళీగా ఉన్నప్పుడే కిందకు కుంగి కనిపిస్తే స్ప్రింగులు అయిపోయాయి. ఎంఓటీ (ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష) హిస్టరీ ప్రభుత్వ సైట్‌లో ఉచితం, నంబర్ కొట్టి "రియర్ స్ప్రింగ్", "కరోజన్" (తుప్పు) అన్న అడ్వైజరీలు (హెచ్చరికలు) వెతకండి.

బోల్టుసుబ్బి
టో బార్ ఇప్పటికే ఉన్న కారైతే కింద పడుకుని చూడాలి. 1998 ఆగస్టు 1 తర్వాత రిజిస్టరైన కార్లకు టైప్ అప్రూవ్డ్ బార్ ఉండాలి, దాని మీద ప్లేటు ఉంటుంది, నోస్ వెయిట్ పరిమితి కూడా దాని మీదే. ఛాసిస్‌కు బిగించిన బోల్టుల చుట్టూ తుప్పు పొరలు లేస్తుంటే బేరం ఆపండి. బాల్ 50 ఎంఎం ఉండాలి, వెర్నియర్ పెట్టి మూడు చోట్ల కొలవండి. 49కి అరిగితే మార్చాలి. మీ కారవాన్‌కు ఘర్షణతో పట్టే స్టెబిలైజర్ హిచ్ ఉంటే మెడ పొడవున్న బాల్ కావాలి, బాల్ మీద గ్రీజు, పెయింట్ ఉండకూడదు.

టో బార్ లేని కారైతే డిటాచబుల్ బార్, కారుకు ప్రత్యేకమైన వైరింగ్, కోడింగ్ కలిపి సుమారు 700 నుంచి 1,000 పౌండ్లు పక్కన పెట్టుకోండి. చౌక యూనివర్సల్ కిట్ పెడితే లైట్లు వెలుగుతాయి, కానీ వెనక కారవాన్ ఉందని కారుకు తెలియదు. ట్రైలర్ స్టెబిలిటీ (కారవాన్ ఊగితే అదుపు చేసే వ్యవస్థ) పనిచేయదు, రివర్స్ సెన్సర్లు గోల ఆపవు.

13 పిన్నుల సాకెట్ ఉందని సంబరపడకండి. చాలావాటిలో లైట్ల కోసం 1 నుంచి 8 వరకే తీగలు కలిపి వదిలేస్తారు. 9 కారవాన్ బ్యాటరీకి, దాని ఎర్త్ 13. 10 ఫ్రిజ్‌కు, దాని ఎర్త్ 11. మల్టీమీటర్ తీసుకెళ్లండి: 9–13 మధ్య ఎప్పుడూ 12 వోల్టులు, 10–11 మధ్య ఇంజన్ నడుస్తున్నప్పుడే రావాలి.

గోదారిగట్టు
వీటికి తోడు టోయింగ్ అద్దాలు. కారవాన్ కారు కంటే వెడల్పు కాబట్టి దాదాపు తప్పవు, లేకుంటే మూడు పాయింట్లు, 1,000 పౌండ్ల దాకా జరిమానా. వేగం సింగిల్ క్యారేజ్‌వే మీద 50 మైళ్లు, డ్యూయల్, మోటర్‌వే మీద 60. మూడు లేన్లున్న మోటర్‌వేలో కుడి చివరి లేన్ మీది కాదు. ఇన్సూరెన్స్ వాళ్లకు టో బార్ సంగతి ముందే చెప్పండి.

వాన_మాంచెస్టర్
సొరెంటో ఆటో చూసొచ్చాం. ప్లేటు 2,510, 4,510. బాల్ 49.7 ఎంఎం. మీటర్‌లో 9–13కి 12.5 వోల్టులు వచ్చాయి. 10–11కి ఇంజన్ నడుస్తున్నా సున్నా. ఫ్రిజ్ తీగ వేయలేదన్నమాటేనా? బేరం తగ్గించమని అడగొచ్చా?

బోల్టుసుబ్బి
అప్పుడే అడగొద్దు. ప్రత్యేక వైరింగ్ ఉన్న కార్లలో కొన్ని మాడ్యూళ్లు వెనక ట్రైలర్ బల్బుల లోడు కనిపిస్తే తప్ప 10వ పిన్నుకు కరెంటు వదలవు. ఖాళీ సాకెట్‌లో మీటర్ పెడితే సున్నాయే చూపిస్తుంది. 1, 3 మధ్య 21 వాట్ల బల్బు తగిలించి, ఎడమ ఇండికేటర్ వేసి, ఇంజన్ నడుస్తుండగా మళ్లీ చూడండి. బల్బులోడు ఉన్న సాకెట్ టెస్టర్ దొరికితే మరీ మంచిది. అప్పుడూ సున్నా అయితే టో బార్ ఫ్యూజులు, ఆ తర్వాత సాకెట్ మూత విప్పి 10, 11 వెనక తీగలున్నాయా లేదా. తీగలే లేకపోతే అప్పుడు అడగండి బేరం.

పాతడీజిల్
ఆ బల్బు వెలిగినప్పుడు రివర్స్ వేసి సెన్సర్లు మోగుతున్నాయేమో కూడా వినండి. మౌనంగా ఉంటే కారు ట్రైలర్‌ను గుర్తించినట్టే, వైరింగ్ అసలైనదే.

వాన_మాంచెస్టర్
బల్బుతో చూశాం. 10–11కి 13.9 వోల్టులు, సెన్సర్లు మౌనం. గేర్‌బాక్స్ నూనె మార్చిన బిల్లు మాత్రం లేదు.

నేరేడు
70,000 మైళ్లు దాటి ఉంటే నూనె, ఫిల్టర్ మార్పిడికి ఒక గ్యారేజీలో కొటేషన్ రాయించుకుని అది చూపించి అడగండి. ఆ డబ్బు అమ్మేవాళ్లు తగ్గించినా తగ్గించకపోయినా, కారవాన్ తగిలించే ముందే మార్పించండి.