పాలిమరేజ్ ఎక్స్‌లో రెండు భాగాలే ఉంటే డీఎన్ఏని ఎలా పట్టుకుంటాది? సెమినార్ ఉంది, కాస్త చెప్పండి

పర్లాకిమిడి, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం:
అందరికీ నమస్కారం. నాకు సెమినార్‌కి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందులకి వచ్చే జబ్బు) వైరస్ ఎంజైమ్ ఒకటి ఇచ్చారు, డీఎన్ఏ పాలిమరేజ్ ఎక్స్, అంటే డీఎన్ఏ పోగుని కట్టే ఎంజైముల్లో ఒకటి. క్లాసులో పాలిమరేజ్ బీటా చెప్పుకున్నాం కదా, అందులో అరచేయి భాగం, దానికి అటూ ఇటూ ఇంకో రెండు భాగాలు, ముందర 8 కిలోడాల్టన్ల చిన్న ముక్క, అన్నీ ఉంటాయి, దీన్లో చూస్తే రెండు భాగాలే అంటున్నారు, మరి డీఎన్ఏని ఏటి పెట్టి పట్టుకుంటాది? బొమ్మ ఎక్కడ చూడాలో, ఎలా చూపించాలో కూడా తెలీట్లేదు. మా ఇంట్లో పెద్ద కంప్యూటర్ లేదు, పాత లాప్‌టాప్ ఒకటే. తెలుగులో చెప్తే బాగా ఎక్కుతాది, ఒడియా మీడియంలో చదివినా ఇంట్లో తెలుగే కదా.

బరంపురం, స్ట్రక్చరల్ బయాలజీ:
మంచి టాపిక్ ఇచ్చారమ్మా, భయపడకు. ముందు సైజు చూడు. మనుషుల పాలిమరేజ్ బీటా 335 అమైనో ఆమ్లాలు, ఈ వైరస్‌ది 174 మాత్రమే, దాదాపు సగం. జీన్ పేరు ఓ174ఎల్ అని ఉంటాది చూడు, ఆ పేర్లోనే సమాచారం ఉంది, ఎకోఆర్‌వన్ ఎంజైమ్‌తో వైరస్ డీఎన్ఏని కోస్తే వచ్చిన ముక్కల్లో ఓ అనే ముక్క మీద ఉంది, 174 అమైనో ఆమ్లాలు, ఎడమ వైపుకి చదవాలి. ఇది ఒక్కసారి పట్టుకున్నావంటే ఈ వైరస్ జీన్లు దాదాపు అన్నీ నీకు చదవడం వచ్చేసినట్టే.

ఇంక నీ అసలు ప్రశ్న. బీటాలో ఆ 8 కిలోడాల్టన్ల ముక్క రెండు పనులు చేస్తాది, గ్యాప్ (డీఎన్ఏ పోగులో ఖాళీ పడ్డ చోటు) అవతలి వైపు కొసన ఉన్న 5 ప్రైమ్ ఫాస్ఫేట్‌ని పట్టుకోడం, దెబ్బతిన్న చక్కెర ముక్కని తీసెయ్యడం. పాలిమరేజ్ ఎక్స్‌లో ఆ ముక్కా లేదు, దాని పక్కన డీఎన్ఏని పట్టుకునే భాగమూ లేదు. మిగిలింది అరచేయి, చివరి భాగం, అంతే. 2001లో రెండు గుంపులు విడివిడిగా ఎన్ఎమ్ఆర్‌తో (అయస్కాంతంతో అణువుల ఆకారం కొలిచే పద్ధతి) దీని ఆకారం తీసినప్పుడు అందరికీ వచ్చిన సందేహం కూడా నీదే. జవాబు ఏంటంటే ఒంటి మీద పాజిటివ్ చార్జి బాగా ఎక్కువ, డీఎన్ఏ నెగెటివ్ కాబట్టి అది అతుక్కుంటాది. కానీ అదొక్కటే అయితే ఎక్కడ పడితే అక్కడ అతుక్కుపోవాలి కదా, గ్యాప్ ఉన్న డీఎన్ఏనే ఎందుకు ఇష్టపడతాది? దానికి జవాబు 2017లో వచ్చిన క్రిస్టల్ స్ట్రక్చర్లలో దొరికింది. ఈ ఎంజైమ్‌లోనే సొంతంగా ఒక 5 ప్రైమ్ ఫాస్ఫేట్ గుంట ఉంది. ముక్క పోయింది గానీ ఆ ముక్క చేసే పట్టుకునే పని పోలేదు. నీ సెమినార్ మొత్తం దీని చుట్టూ కట్టుకో, మిగతావన్నీ దీని తర్వాతే.

బొమ్మ కోసం ప్రొటీన్ డేటా బ్యాంక్ (ప్రొటీన్ల ఆకారాలు దాచే వెబ్‌సైట్)కి వెళ్ళు. 2001వి 1జేఏజే, 1జేక్యూఆర్ (అంకె ఒకటి, తర్వాత ఇంగ్లీషు అక్షరాలు మూడు). అక్కడే 3డిలో చూపించే ట్యాబ్ నొక్కితే బ్రౌజర్లోనే తెరుచుకుంటాది, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, పాత లాప్‌టాప్ చాలు.

పర్లాకిమిడి, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం:
చాలా థాంక్స్ అన్నయ్యా. 1జేఏజే తెరిచాను. కానీ ఇందులో డీఎన్ఏ కనపడట్లేదు, మోడల్స్ అని చాలా ఉన్నాయి ఏది నిజం? రెండో ఫైలు తెరిస్తే అది కొంచెం వేరేగా ఉంది, నేనే తప్పు ఫైలు తెరిచానా?

బరంపురం, స్ట్రక్చరల్ బయాలజీ:
ఫైలు సరైందే. ఎన్ఎమ్ఆర్‌లో ఒకే ఆకారం ఇవ్వరు, కొలతలకి సరిపడే ఆకారాలు కొన్ని కలిపి ఇస్తారు, అన్నీ కలిసిన చోట ప్రొటీన్ గట్టిగా ఉన్నట్టు, విడిపోయిన చోట వదులుగా ఉందనో కొలతలు తక్కువగా దొరికాయనో అర్థం. స్లైడ్‌లో ఒక్క మోడల్ పెట్టు, కానీ మిగతావి ఉన్నాయని నోటితో చెప్పు, మాష్టార్లు అడిగేది అదే.

రెండు ఫైళ్ళకీ తేడా ఉందంటే ఒక కారణం 81, 86 నంబర్ల సిస్టీన్లు (గంధకం ఉండే అమైనో ఆమ్లాలు). ఆ రెండూ ఆక్సిడైజ్ అయితే మధ్యలో డైసల్ఫైడ్ బంధం పడతాది, లేకపోతే ఉండదు, దాన్ని బట్టి ఎంజైమ్ పని తీరూ ఎన్ని తప్పులు చేస్తాదన్నదీ మారతాయని తర్వాత చూపించారు. ఈ వైరస్ ముఖ్యంగా పెరిగేది మాక్రోఫేజ్‌లలో (క్రిముల్ని మింగే రక్షణ కణాలు), అక్కడ ఆక్సిడేషన్ దెబ్బలు ఎక్కువ, కాబట్టి ఇది ఊరికే తీసి పారేసే వివరం కాదు. నాకైతే ఈ ఎంజైమ్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

డీఎన్ఏ చూడాలంటే సెర్చ్‌లో ఎంజైమ్ పేరు కొట్టి, పద్ధతి దగ్గర ఎక్స్-రే, సంవత్సరం 2017 చుట్టుపక్కల పెట్టు. డీఎన్ఏతో ఉన్నది తెరిచి, పైన సీక్వెన్స్ వరసలో 49, 51, 100 నొక్కు. మూడూ ఆస్పార్టేట్‌లు, మెగ్నీషియంని పట్టుకునేవి అవే, అసలు రసాయనం జరిగేది అక్కడ. తర్వాత 115 హిస్టిడిన్, 127 ఆర్జినిన్ నొక్కు. ఈ ఎంజైమ్ ఎదురుగా జీ ఉంటే సీ పెట్టడానికి బదులు జీనే పెట్టెయ్యగలదు, అదీ సరైన జత పెట్టినంత సులువుగా, లోపలికొచ్చిన డీజీటీపీ (జీ న్యూక్లియోటైడ్) బేస్ తిరగబడి సిన్ అనే రూపంలో కూర్చుంటాది, దానికి ఆసరా ఇచ్చేది ఈ రెండూ. ఇంకొకటి, మామూలు పాలిమరేజ్ ముందు డీఎన్ఏని పట్టుకుని తర్వాత న్యూక్లియోటైడ్‌ని తీసుకుంటాది, ఇది డీఎన్ఏ లేకుండానే న్యూక్లియోటైడ్‌ని పట్టుకోగలదు.

క్రిస్టల్ ఫైల్లో ఒకే ఎంజైమ్ రెండు మూడు కాపీలు కనపడొచ్చు, కంగారు పడకు, చైన్ ఒకటి ఉంచి మిగతావి దాచెయ్.

గుణుపురం దగ్గర, పశువుల ఆసుపత్రిలో పని:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి బావు. మా వైపు సవర ఊళ్ళల్లో పందులే ఆస్తి, పెళ్ళికైనా పండగకైనా. పందికి జొరం వస్తే హాగ్ కాలరా ఇంజెక్షన్ వేసెయ్యండి అంటారు. మీరు చెప్పే ఎంజైమ్‌కి మందు గానీ ఉందా? ఉంటే జనానికి చెప్తాను.

బరంపురం, స్ట్రక్చరల్ బయాలజీ:
అన్నా, బాగా అడిగారు. మందు లేదు. ఆ ఫాస్ఫేట్ గుంట పాలిమరేజ్ బీటాలో అదే రూపంలో లేదు కాబట్టి అక్కడ మందు ఇరికించొచ్చని పరిశోధకుల ఆశ, పందికి ఇచ్చే మందు దాకా అది రాలేదు. హాగ్ కాలరా అంటే క్లాసికల్ స్వైన్ ఫీవర్, అది ఆర్ఎన్ఏ వైరస్, ఇది డీఎన్ఏ వైరస్, రెండిటికీ చుట్టరికమే లేదు. ఆ టీకా దానికే పనిచేస్తాది, దీనికి చెయ్యదు. లక్షణాలు మాత్రం ఒకేలా ఉంటాయి, జొరం, చర్మం ఎర్రబడ్డం, వరసగా చావులు, చూసి చెప్పలేం, ల్యాబ్‌లోనే తేలాలి. మన దేశంలో ఇది మొదట 2020లో అస్సాం, అరుణాచల్‌లో బయటపడింది, నిర్ధారణ చేసేది భోపాల్‌లోని జాతీయ ల్యాబ్.

జనానికి చెప్పాల్సింది, జొరంతో ఉన్న పందిని కోసి మాంసం పంచుకోవద్దు, సంతకి తోలొద్దు, హోటల్ మిగుళ్ళు పెట్టాలంటే బాగా మరగబెట్టి చల్లార్చి పెట్టాలి, పంది మాంసం ముక్కలున్నవైతే అసలు వద్దు. చచ్చినదాన్ని ఏట్లో పడెయ్యకుండా లోతుగా పాతిపెట్టాలి. మనుషులకి ఇది రాదు, అది గట్టిగా చెప్పండి, లేకపోతే భయంతో దాచేస్తారు. ఒకేసారి నాలుగైదు చస్తే ఆ రోజే మీ డాక్టరు గారికి చెప్పండి.

పర్లాకిమిడి, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం:
అన్నయ్యా ఆఖరుగా ఒకటి. నా టైటిల్ "వైరస్ డీఎన్ఏని కాపీ చేసే ఎంజైమ్" అని పెట్టాను. సరేనా?

బరంపురం, స్ట్రక్చరల్ బయాలజీ:
అది మార్చమ్మా. జీనోమ్ మొత్తాన్ని కాపీ చేసేది వేరే పాలిమరేజ్, జీ1211ఆర్, ఇందాకటి లెక్కలో చదువుకో, 1211 అమైనో ఆమ్లాలు. లక్షా డెబ్బై వేలకి పైబడ్డ జతల డీఎన్ఏని ఈ చిన్నది కాపీ చెయ్యలేదు, ఇది రిపేరుది. దెబ్బతిన్న బేస్ పోయిన చోట ఏపీ ఎండోన్యూక్లియేజ్ కోస్తాది, పాలిమరేజ్ ఎక్స్ ఆ ఖాళీ నింపుతాది, లైగేజ్ అతికిస్తాది, మూడూ వైరస్ సొంతవే. ఆ ఎండోన్యూక్లియేజ్ తీసేస్తే వైరస్ వీరో కణాల్లో (ల్యాబ్‌లో పెంచే కోతి కిడ్నీ కణాలు) పెరుగుతాది గానీ పంది మాక్రోఫేజ్‌లలో సరిగ్గా పెరగలేదు. అది ఎండోన్యూక్లియేజ్ సంగతి, దాన్ని బట్టి పాలిమరేజ్ ఎక్స్ గురించి ఎక్కువ చెప్పకు, "వైరస్ డీఎన్ఏని రిపేర్ చేసే పాలిమరేజ్" అని పెట్టు. ఇంత తప్పులు చేసేది రిపేరుకి ఎందుకని ఎవరైనా అడిగితే, వైరస్ మారడానికి అదే కారణమని ఒక వర్గం, అసలు పనిలో ఇది అంత తప్పులు చెయ్యదని ఇంకో వర్గం, రెండూ చెప్పు. స్లైడ్లు తయారయ్యాక ఇక్కడ పెట్టు, చూస్తాను.