క్యాట్‌నిప్: విత్తనం వేయాలా, మొక్క నాటాలా? పిల్లి దేన్ని వదిలేస్తుంది?

మట్టివేళ్లు:
క్యాట్‌నిప్ అంటే వాసనతో పిల్లుల్ని లాగే పుదీనా జాతి మొక్క. నాటిన క్యాట్‌నిప్‌ను పిల్లి బతకనివ్వదు, విత్తి మొలిపించిన దాని జోలికి రాదు అని తోటపనివాళ్లలో పాత మాట ఒకటుంది. మూఢనమ్మకమని చాలామంది కొట్టిపారేస్తారు గానీ దాని వెనక కారణం ఉంది. పిల్లిని లాగే నెపెటలాక్టోన్ అనే వాసన పదార్థం ఆకు మీది, ముఖ్యంగా అడుగు వైపు, సన్నటి గ్రంథుల్లో ఉంటుంది. ఆకు నలిగితే గ్రంథులు పగిలి వాసన ఒక్కసారిగా బయటికొస్తుంది. నారు పీకి, మట్టి దులిపి, వేళ్లతో నొక్కి నాటామంటే మనమే పిల్లికి కబురు పంపినట్టు. మొలిచిన చోటే పెరిగే మొక్కకు చేతులు తగలవు. అందుకే నా ఓటు విత్తనానికే.

కొమ్మరెమ్మ:
వాసన సంగతి నిజమే. కానీ విత్తడానికి మీరు గుల్ల చేసిన మడి పిల్లికి ఎలా కనిపిస్తుందో ఆలోచించారా? మరుగుదొడ్డిలా! మొలక రాకముందే తవ్విపోస్తుంది. పైగా విత్తనాలన్నీ ఒకేసారి మొలవవు, మొలిచినవాటిలో ఘాటు కూడా ఒకేలా ఉండదు. కొమ్మ నాటితే మంచి వాసనున్న తల్లి మొక్కను ఎంచుకోవచ్చు, అదే గుణం వస్తుంది.

పూత రాని చివళ్లు 10 సెంటీమీటర్ల పొడవున, కణుపుకు కాస్త కిందుగా కోయండి. కింది ఆకులు తీసేసి, ఇసుక, కొబ్బరిపొట్టు చెరిసగం కలిపిన కుండీలో గుచ్చి నీడన పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు పడతాయి. పైన ప్లాస్టిక్ కవరు బిగించి మరిచిపోతే మాత్రం కాడ నల్లబడి కుళ్లిపోతుంది, రోజూ కాసేపు గాలి తగలాలి.

మట్టివేళ్లు:
తవ్వకం మాట ఒప్పుకుంటున్నా. విత్తాక మడి మీద ముళ్లకంపో వల ముక్కో పరిస్తే అది ఆగుతుంది. ఇక మొలక తేడాలంటారా, గట్టి పెంకు వల్లే చాలావరకు. విత్తనాలను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, తీసి 24 గంటలు నీళ్లలో నానబెట్టి, 3 మిల్లీమీటర్ల లోతున వేస్తే 7 నుంచి 14 రోజుల్లో మొలుస్తాయి. అంతకంటే లోతుగా పూడ్చినవే ఎక్కువగా బయటికి రావు. ఒత్తుగా వస్తే పీకకండి, కత్తెరతో మొదలంటా కోసేసి 45 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. పీకితే పక్క మొక్క వేళ్లూ కదులుతాయి, వాసనా రేగుతుంది.

జాలిబుట్ట:
ఇద్దరూ మొలిచే దాకానే ఆలోచిస్తున్నారు. ఎలా పుట్టిన మొక్కైనా అడుగు ఎత్తు పెరిగాక పక్క నుంచి పిల్లి రాసుకుపోతే చాలు, ఆకు నలుగుతుంది. తర్వాత దాని మీదే పడి దొర్లుతుంది. కొమ్మలు విరిగినా పర్వాలేదు, ఇది ఏళ్ల తరబడి బతికే మొక్క, మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మొదలే చితికిపోతే చిగురించేది ఏమీ ఉండదు. 2.5 సెంటీమీటర్ల కన్నాల ఇనప జాలీని బుట్టలా వంచి, 20 సెంటీమీటర్ల ఎత్తున బోర్లించి, అంచులు మట్టిలో దిగేయండి. చివళ్లు కన్నాల్లోంచి బయటికొస్తాయి, పిల్లి వాటిని తింటుంది, మొదలు భద్రం. పలచటి ప్లాస్టిక్ వల పనికిరాదు, పిల్లి బరువుకు కుంగి మొక్కనే నలిపేస్తుంది.

నాలుగో పంజా:
"విత్తిన దాన్ని ముట్టలేదు" అనేవాళ్లు ముందు ఒకటి చూసుకోవాలి. ప్రతి మూడు పిల్లుల్లో దాదాపు ఒకదానికి ఈ వాసన పట్టదు, అది పుట్టుకతో వచ్చేది. మూడు నాలుగు నెలల్లోపు కూనలూ పట్టించుకోవు. ఒక ఆకు నలిపి ముందు పెట్టి చూడకుండా ఆ ఘనత విత్తనానికి కట్టబెట్టడం తొందరపాటు.

కొమ్మరెమ్మ:
బాగా చెప్పారు. ఇంకో మాట, పిల్లి రాకపోవడానికి ఎరువు కూడా కారణం కావచ్చు. నత్రజని ఎక్కువైతే మొక్క ఏపుగా పెరిగి వాలిపోతుంది, ఆకు పెద్దదే గానీ ఘాటు తగ్గుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల, పైమట్టి ఆరాకే నీళ్లు, ఇంతే చాలు.

మట్టివేళ్లు:
సరే, మధ్యేమార్గం: కాగితం కప్పులో రెండు గింజలు వేసి, నాలుగు ఆకులొచ్చాక బలమైనది ఉంచి, కప్పుతో సహా నేలలో దించండి. చెయ్యి ఆకుకు తగలదు, వేరు కదలదు.

కొమ్మరెమ్మ:
అయితే అది నాటడమే కదండీ!

మట్టివేళ్లు:
మొక్కకు ఆ సంగతి తెలియదుగా. కప్పు అంచు మాత్రం మట్టి పైకి కనబడనివ్వకండి. గాలి తగిలిన కాగితం తేమను పైకి లాగేసి వేరు చుట్టూ మట్టిని ఎండబెడుతుంది.