దాళ్వా గడ్డి గ్యాసు ప్లాంటుకు ఇవ్వాలా, చేలోనే ఉంచాలా?

వశిష్ఠ ఒడ్డు:

పోయిన వారం మా ఊరి రామాలయం దగ్గర మీటింగు పెట్టారు. వరిగడ్డితో గ్యాసు తయారుచేసే ప్లాంటు పెడతామని కొందరు వచ్చారు. దాళ్వా (రబీ) కోత అవగానే బేలరు వాళ్లే తెచ్చి, గడ్డి కట్టలు కట్టి తీసుకుపోతారట. ఎకరానికి కొంత డబ్బు, ఐదేళ్ల అగ్రిమెంటు. సగం మంది అక్కడికక్కడే సరే అన్నారు. నేను అనలేదు. ఎందుకో చెబుతాను, తప్పయితే దిద్దండి.

గడ్డి తగలబెట్టడాన్ని నేను సమర్థించను. ఏప్రిల్ నెలాఖరులో సాయంత్రం పాలకొల్లు నుంచి నరసాపురం రోడ్డులో బండి మీద వెళితే కళ్లు మండిపోతాయి. మా నాన్నగారి రోజుల్లో ఈ గొడవ లేదు. కొడవలి కోత, కుప్ప నూర్పు, పెరట్లో గడ్డివాము, దాన్ని ఏడాదంతా తినే రెండు గేదెలు. ఇప్పుడు మిషను కోశాక గడ్డి చేనంతా చిందరవందరగా పడి ఉంటుంది. గేదెలు పోయాయి. జూన్‌లో కాలువకు నీళ్లు వదిలేలోగా చేను ఖాళీ అవ్వాలి. అగ్గిపుల్ల కంటే చవకైన దారి రైతుకు కనిపించడం లేదు.

కానీ లెక్క చూడండి. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. ఎకరానికి 2 టన్నుల గడ్డి వస్తుందనుకుంటే, మనం కొట్లో కొనే పొటాష్ ఒక బస్తా పైమాటే. తగలబెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, పొటాష్ మాత్రం చాలా వరకు బూడిదలో చేలోనే ఉంటుంది. ప్లాంటుకు పంపితే రెండూ లారీ ఎక్కుతాయి. అందుకే నా మాట ఇది: గడ్డి ఇద్దాం, కానీ గ్యాసు తీశాక మిగిలే ఎరువు గడ్డి ఇచ్చిన చేలకే తిరిగి రావాలి. అది కాగితం మీద ఉండాలి. లేకపోతే వద్దు.

దాళ్వా కౌలుదారు:

మీది సొంత చేను కాబోలు. నాది నాలుగెకరాల కౌలు. వచ్చే సార్వాకి (ఖరీఫ్‌కి) ఆ చేను నాకే ఇస్తారో, ఇంకొకరికి ఇస్తారో మా ఆసామికే తెలియాలి. భూమి బాగుపడితే మూడేళ్ల తర్వాత పంట పెరుగుతుందంటారు. ఆ మూడేళ్లూ నేను అక్కడ ఉంటానా? నాకు ఏప్రిల్‌లో చేతికొచ్చే డబ్బే డబ్బు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నా పనలు నీళ్లలో తేలాయి, గింజ మొలకెత్తింది. వాతావరణం మారిందని కౌలు బస్తాల్లో ఒక్క బస్తా తగ్గలేదు. అలాంటప్పుడు గడ్డికి వచ్చే నాలుగు రూపాయలు వద్దని చెప్పే ముందు మావైపు నుంచి కూడా చూడండి.

మార్టేరు దారి:

నేను వ్యవసాయం చదువుకున్నాను, ఇంటి దగ్గర సాగూ ఉంది. ఈ చర్చలో ఒక సంగతి తప్పిపోతోంది. గడ్డిని చేలో కలపడం మంచిదని మేమే చెబుతాం, కానీ మన డెల్టాలో అది జరిగే తీరు వేరు. మే నెలలో నేల పగుళ్లిచ్చి ఉంటుంది, తడి లేక గడ్డి కుళ్లదు. జూన్‌లో నీళ్లు రాగానే దమ్ము చేసి పచ్చిగా తొక్కేస్తాం. నీళ్ల కింద గాలి అందని బురదలో సూక్ష్మజీవులు ఆ గడ్డిని తిని మీథేన్ వదులుతాయి. వందేళ్ల లెక్కలో చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు. నాట్లేసిన కొన్నాళ్లకు చేలో కాలు పెడితే బుడగలు రావడం మీరు చూసే ఉంటారు. వేర్లు నల్లబడి, పైరు పసుపు రంగుకు తిరిగినప్పుడు యూరియా చాలలేదనుకుని ఇంకో కట్ట చల్లుతాం.

అదే మీథేన్ ట్యాంకులో పుడితే ఇంధనం. మిగిలిన మడ్డిలో నత్రజని, పొటాష్ దాదాపు అలాగే ఉంటాయి. అందుకని వశిష్ఠ ఒడ్డు గారి షరతు సరైనదే అంటాను. గడ్డి ఒక్కటే సరిగా పులియదు, నత్రజని ఎక్కువున్నది కలపాలి. పేడ తగ్గిపోయినా, తణుకు, అనపర్తి వైపు కోళ్ల ఫారాల రెట్టకు కొదవ లేదు.

ఇంకొకటి. చేను తడిపి ఆరబెట్టే పద్ధతిలో మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. నీళ్లు చాలని ఏడాది దాళ్వాకి వంతులవారీ పెడితే మనం తిట్టుకుంటూ చేసేది దాదాపు అదే. సార్వాలో మాత్రం చేను నుంచి చేనుకు నీళ్లు పారుతుంటే ఒక్కడు ఆరబెట్టలేడు.

శివారు ఆయకట్టు:

మాది కాట్రేనికోన వైపు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు మా దాకా వచ్చేసరికి ఏమాత్రం మిగులుతాయో అందరికీ తెలుసు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన కారణాల్లో ముంపు, మురుగు కూడా ఉన్నాయి. పోటు వేళ సముద్రపు నీళ్లు డ్రెయిన్ల వెంట పైకి వస్తాయి. ఉప్పు తేలిన నేలకు సేంద్రియ పదార్థమే ప్రాణం. మా చేల గడ్డి మాకే కావాలి. ఎరువు తిరిగి ఇస్తామన్న మాట నమ్మి గడ్డి పంపితే, లారీ మా ఊరి దాకా వస్తుందా? కాలువ నీళ్లే రావడం లేదు.

పైగా సార్వా గడ్డి డిసెంబరులో తడిగా ఉంటుంది, బేలరుకు ఎక్కదు. వాళ్లు అడిగేది దాళ్వా గడ్డి. దాళ్వాకి మాకు నీళ్లు అందేదే అంతంతమాత్రం.

వశిష్ఠ ఒడ్డు:

శివారు ఆయకట్టు గారూ, మీ భయం సరైనదే. ప్లాంటు ఎంత పెద్దదన్న దాంట్లోనే ఉంది అంతా. 2022 అక్టోబరులో పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లాలో మొదలైన ప్లాంటు ఏడాదికి లక్ష టన్నుల గడ్డి వాడేలా కట్టారు. మన ఎకరానికి 2 టన్నుల చొప్పున 50 వేల ఎకరాలు. గోదావరి డెల్టా ఆయకట్టు మొత్తమే సుమారు 10 లక్షల ఎకరాలు. అంత దూరం నుంచి కట్టలు తేవడానికి వాళ్లకు లాభం ఉంటుంది, మడ్డి వెనక్కి మోయడానికి ఉండదు. తడి ఎరువు బరువెక్కువ, విలువ తక్కువ. నాలుగైదు ఊళ్లకు సరిపడే చిన్న ప్లాంటయితే ట్రాక్టరు తిరుగు ప్రయాణంలోనే తెచ్చి దింపవచ్చు. అదే అడుగుదాం. ఉప్పు తేలిన చేలను ఒప్పందంలోకి అసలు తీసుకోవద్దని కూడా రాయిద్దాం.

కౌలుదారు గారూ, మీ మాటకు రెండు రోజులు ఆలోచించాను. నేను రాసిన షరతు ఆసామికే పనికొచ్చేది. గడ్డి డబ్బు సాగు చేసినవాళ్లకు, ఎరువు సర్వే నంబరుకు అని విడదీసి రాయించాలి. చేను చేతులు మారినా ఎరువు ఆ చేనుకే వెళుతుంది. మీ డబ్బు మీకు ఏప్రిల్‌లోనే అందుతుంది.

దాళ్వా కౌలుదారు:

సాగు చేసినవాళ్లకు అని రాస్తే చాలదండి. నేనే సాగు చేశానని ఎవరు చెప్పాలి? 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే ఆసామి ఒప్పుకోవాలి. మా ఆసామి సంతకం పెట్టడు, భూమి పోతుందని భయం. కార్డు లేనివాడికి ఈ ప్లాంటు వాళ్లు డబ్బు ఇస్తారా?

వశిష్ఠ ఒడ్డు:

బేలరు వచ్చిన రోజు చేలో ఉన్న మనిషి పేరు, ఇద్దరు పక్క చేల రైతుల సంతకాలు. దానికి ఒప్పుకుంటారేమో అడుగుదాం. మంగళవారం మళ్లీ వస్తున్నారు. మీ ఊరు నుంచి కౌలు రైతులు కూడా వస్తే బాగుంటుంది, మొన్న మీటింగులో ఒక్కరూ లేరు.

దాళ్వా కౌలుదారు:

మంగళవారం నాకు నీళ్ల వంతు. సాయంత్రం పెడితే నలుగురం వస్తాం.