చాగోస్‌లోని సాలమన్ వలయంలో తెరచాప పడవలు లంగరు వేయడం న్యాయమేనా?

చుక్కాని:
మాల్దీవుల దక్షిణ కొసనున్న అడ్డు అనే దీవులకు దాదాపు 300 నాటికల్ మైళ్ల దక్షిణాన, చాగోస్ ద్వీపసమూహంలో సాలమన్ అనే పగడపు వలయం ఉంది. పసిఫిక్‌లోని సాలమన్ దీవులు వేరు. సముద్రయానం చేసే తెరచాప పడవలు అక్కడ ఆగడానికి బ్రిటిష్ పాలకులు గరిష్ఠంగా 28 రోజుల అనుమతి ఇస్తూ వచ్చారు. అక్కడే పుట్టినవారికి మాత్రం 1973 తరువాత తిరిగి వెళ్లి నివసించే వీలు లేకపోయింది. అటువంటి చోట మనం లంగరు వేయవచ్చా?

ఉప్పుగాలి:
నేను ఒక పడవలో సిబ్బందిగా అక్కడ మూడు వారాలు ఉన్నాను. దాన్ని విహారం అనడం నాకు సమ్మతం కాదు. దుకాణం లేదు, వైద్యుడు లేడు. అందుకే రోగిని తరలించే ఖర్చుకూ, పడవ మునిగితే శిథిలాలను తొలగించే ఖర్చుకూ బీమా చూపితేనే అనుమతి ఇస్తారు. డెక్ మీద కట్టిన గుడ్డ పందిరి నుంచి జారే వాననీటిని డబ్బాల్లోకి పట్టుకుని తాగేవాళ్లం, కూరగాయలు అయిపోయాక పెసలు మొలకెత్తించుకునేవాళ్లం, బట్టలు ఆ వలయంలోని బోడం దీవిలో ఉన్న పాత బావి దగ్గర ఉతుక్కునేవాళ్లం. ఒక రాత్రి గాలి దిశ మారి గొలుసు పగడపు బండకు చుట్టుకోవడంతో, అల లేచినప్పుడల్లా పడవ ముక్కు గుంజుకుపోతుంటే, ఎప్పుడు తెగుతుందో అని తెల్లవారేదాకా మేలుకుని కూర్చున్నాం. మరునాడు గొలుసుకు అక్కడక్కడా తేలుడు బంతులు కట్టి, అది పగడాలకు రాసుకోకుండా పైకి లేపి ఉంచాం. అక్కడి నుంచి మారిషస్‌కు చెందిన రోడ్రిగ్స్ దీవి దాదాపు 1,000 నాటికల్ మైళ్లు. మధ్యలో ఆగడానికి చోటు లేకపోతే చిన్న పడవలకు అది ప్రాణాపాయం. మేము వెళ్లడం మానుకుంటే ఆ ప్రజలకు ఊరు తిరిగి వస్తుందా?

కొరింగ మనవరాలు:
ఉప్పుగాలి గారూ, మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. మా ముత్తాతలు కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకు తోటలకు వచ్చారు, అందుకే ఇక్కడ తెలుగువారిని కొరింగలు అనేవారు. నేను ఇక్కడి నుంచే రాస్తున్నాను. మీరు బట్టలు ఉతుక్కున్న బావి ఎండుకొబ్బరి తోటల్లో తరతరాలుగా పనిచేసినవారి ఊరి బావి. చాగోస్‌లోనే ఉన్న డియెగో గార్సియా దీవిలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968, 1973 మధ్య బ్రిటిష్ పాలకులు 1,500 నుంచి 2,000 మందిని దీవుల నుంచి పంపేశారు. స్థావరానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సాలమన్‌నూ వదలలేదు. డియెగో గార్సియాలో వారి పెంపుడు కుక్కలను సైతం విషవాయువుతో చంపారు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలోని కాసీ, రోష్ బ్వా పేటల్లో ఆ కుటుంబాలు ఎంత పేదరికం అనుభవించాయో ఇక్కడివారికి తెలుసు.

2006లో సుమారు వంద మందిని ఓడలో తీసుకువెళ్లి చూపించినప్పుడు, వారు తమ పెద్దల సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, మళ్లీ ఓడెక్కవలసి వచ్చింది. పడవలో వచ్చిన అపరిచితుడికి 28 రోజులు, కన్న ఊరివారికి చూసి వచ్చే అనుమతి మాత్రమే! 2010లో ఆ సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు కూడా వారి హక్కును లెక్కచేయలేదు. పగడాలకు మీ గొలుసు తగలకపోవడం మంచిదే, కానీ నా అభ్యంతరం గొలుసు గురించి కాదు, అనుమతిపత్రం మీది సంతకం గురించి.

చుక్కాని:
చాగోస్‌పై పాలనను బ్రిటన్ వీలైనంత త్వరగా ముగించాలని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయపడింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ సంతకం చేసిన ఒప్పందం ప్రకారం, అది అమల్లోకి వచ్చాక, డియెగో గార్సియా తప్ప మిగిలిన దీవుల్లో మారిషస్ పునరావాసం కల్పించవచ్చు.

ఉప్పుగాలి:
కొరింగ మనవరాలు గారూ, ఆ బావి గట్టు మీద కూర్చున్న మూడు వారాల్లో అది ఎవరిదని ఒక్కసారీ నేను ఆలోచించలేదు. అందుకు బాధగా ఉంది. అయినా లంగరు పూర్తిగా నిషేధించాలని నేను అనను, ఎందుకంటే తెరచాప చిరిగిన పడవకు, జ్వరం వచ్చిన నావికుడికి ఆశ్రయం కావాలి. ప్రమాదంలో లేని పడవల విషయంలో మాత్రం మీ మాటే సరైనది. బోడంలో మళ్లీ దిగే కుటుంబాలను అడిగి, వారు రమ్మంటేనే, వారు చూపిన చోటే లంగరు వేయాలి. రుసుము కూడా వారికే చెందాలి. వారు వద్దంటే రోడ్రిగ్స్ దాకా ఆగకుండా వెళ్లడానికి సరిపడా నీళ్లు, సరుకులు అడ్డులోనే నింపుకుని బయలుదేరాలి.