ప్లాన్, స్ట్రక్చర్, ఇంటీరియర్ అన్నీ ఒకే ఆఫీసుకి ఇవ్వొచ్చా?

అందరికీ నమస్కారం. గుంటూరులో మాకు 180 గజాల స్థలం ఉంది. జీ ప్లస్ వన్ కడదామనుకుంటున్నాం. రెండేళ్ల కిందట మా అన్నయ్య ఇంటికి ప్లాన్ ఒకరు, స్ట్రక్చర్ డ్రాయింగ్ ఇంకొకరు ఇచ్చారు. తీరా స్లాబ్ దగ్గరికొచ్చేసరికి బీమ్ సరిగ్గా మెట్ల మీదికి వచ్చింది. తల వంచుకునే ఎక్కాలి. వదిన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అమరావతి ప్రభుత్వ భవనాలకు డిజైన్లు ఇచ్చిన ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్ గురించి ఈమధ్య చదివాను. నార్మన్, వెండీ ఫోస్టర్ దంపతులు 1967లో లండన్‌లో మొదలుపెట్టిన చిన్న ఆఫీసు అది. ఇప్పుడు అక్కడ ఆర్కిటెక్టులు, స్ట్రక్చరల్ ఇంజనీర్లు, టౌన్ ప్లానింగ్ వాళ్లు, ఇంటీరియర్, ఫర్నిచర్ డిజైనర్లు కలిసే పనిచేస్తారు. గీత గీసేటప్పుడే ఇంజనీరు పక్కన ఉంటే మా బీమ్ గొడవ వచ్చేదా? (అంత పెద్దవాళ్లు మన ఇల్లు గీయరనుకోండి.)

విజయవాడ, గుంటూరుల్లో ఇలా అన్నీ ఒకేచోట చూసే ఆఫీసుతో ఇల్లు కట్టించుకున్నవాళ్లు ఉన్నారా? ఫీజు చదరపు అడుగుకి తీసుకున్నారా, ఖర్చులో శాతమా? మాది నల్లరేగడి నేల, సాయిల్ టెస్ట్ కూడా వాళ్లే చేయిస్తారా? సైట్‌కి ఎన్నిసార్లు వస్తారు? మేస్త్రి మాత్రం "ఇవన్నీ ఎందుకండీ, నేను చూసుకుంటాగా" అంటున్నాడు. అన్నయ్య ఇంటికీ ఆయనే మేస్త్రి.