విదేశాల్లో మిషనరీ విమాన మెకానిక్‌గా వెళ్లాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి

మౌలాలి కుర్రాడు:
అందరికీ ప్రభువు పేరట వందనాలు. నేను ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి మా మామయ్య బైకుల షెడ్డులో పని చేస్తున్నాను. పాపువా న్యూ గినీలో సేవ చేసి వచ్చిన దంపతులు పోయిన ఏడాది మా సంఘంలో సాక్ష్యం చెప్పారు. అక్కడి కొండల మీది గడ్డి రన్‌వేల గురించి విన్న రోజు నుండి, విమాన మెకానిక్‌గా వెళ్లాలన్న భారం నన్ను వదలడం లేదు. ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) కోర్సు మేలా, బీటెక్ మేలా? బైబిలు కళాశాలకు ముందే వెళ్లాలా? పోషణ ఎలా సమకూరుతుంది? నాన్నను ఎలా ఒప్పించాలి? ఆ దంపతులు చెప్పిన ఒక సంగతి మాత్రం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఒక చిన్న విడిభాగం రాలేదని విమానాన్ని పదకొండు రోజులు నిలిపివేస్తే, కాన్పు కష్టమైన ఒక తల్లిని ఊరివాళ్లు మోసుకుంటూ కొండ దిగారట.

బేగంపేట హ్యాంగర్:
తమ్ముడూ, ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కనుక నా మాట విను. బీటెక్ పట్టాతో, విమానం ఎగరడానికి యోగ్యమని సంతకం పెట్టే హక్కు రాదు, దానికి లైసెన్సు కావాలి. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థలోనే చేరు, ఆమోదం ఉందో లేదో ఫీజు కట్టకముందే స్వయంగా చూసుకో. లైసెన్సు కోసం విభాగాల వారీగా రాసే మాడ్యూల్ పరీక్షల్లో 75 శాతం వస్తేనే ఉత్తీర్ణత. లైసెన్సుల్లో రకాలున్నాయి: బీ1.1 అంటే టర్బైన్ ఇంజను విమానాలు, బీ1.2 అంటే పిస్టన్ ఇంజను విమానాలు, బీ2 అంటే ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు. మిషన్ సంస్థలు ఇప్పుడు ఎక్కువగా కారవాన్, కోడియాక్ అనే చిన్న టర్బైన్ విమానాల వైపు వెళుతున్నాయి. మారుమూల దేశాల్లో పిస్టన్ ఇంజనుకు కావలసిన అవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు దొరకడం కష్టం, టర్బైన్‌కు కావలసిన జెట్ ఇంధనం దొరుకుతుంది. అందువల్ల బీ1.1 వైపే మొగ్గు చూపు.

ఉప్పల్ ప్రార్థన గుంపు:
లైసెన్సుల సంగతి తరువాత చూద్దాం. ఆ తల్లి సంగతి చదివి నా మనసు కలచివేసినట్లయింది. అక్కడ విశ్వాసం గల ఒక్క మనిషి ఉంటే, ప్రార్థన చేసి ఆ విమానాన్ని ఎగరనిచ్చేవారు కాదా? పదకొండు రోజులు కాగితాల కోసం కూర్చోవడాన్ని పరిచర్య అని నేను అనలేను.

బేగంపేట హ్యాంగర్:
అయ్యా, మీరు కాగితం అంటున్నది నా సంతకం. పని ముగిశాక లాగ్‌బుక్కులో సంతకం పెట్టడమంటే, ఈ విమానం ఎగరడానికి యోగ్యమని దేవుని ఎదుట, మనుషుల ఎదుట సాక్ష్యం చెప్పడమే. లోపం ఉందని తెలిసి సంతకం పెడితే అది అబద్ధ సాక్ష్యం, పది ఆజ్ఞల్లో ఒకదాన్ని మీరడం. ఆ తల్లి కోసం నేనూ ఏడుస్తాను, కానీ ఆ విమానంలో కూర్చునేది ఆమె, ఆమె కడుపులోని బిడ్డ, పైలట్. ఇంజను గాలిలో ఆగితే, కింద దిగడానికి పొలం కూడా లేని కొండలవి.

సైనిక్‌పురి అమ్మ:
నాయనా మౌలాలి బాబూ, నీ చివరి ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు, నేను చెబుతాను. మా అబ్బాయి ఆరేళ్లుగా ఆఫ్రికాలో ఇదే సేవలో ఉన్నాడు. మొదట వాళ్ల నాన్నగారు ఎనిమిది నెలలు వాడితో మాట్లాడలేదు. వాదించి ఒప్పించాలని చూడకు. ఎన్నేళ్లకు ఒకసారి ఇంటికి వస్తావో, జబ్బు చేస్తే ఎవరు చూస్తారో, ఎవరు పోషిస్తారో కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు. మావాడి పోషణ మూడు సంఘాలు, పదిహేడు కుటుంబాలు నెలనెలా ఇచ్చే కానుకల మీద నడుస్తోంది. ఒక కుటుంబం ఆపేసినప్పుడల్లా నాకు ముందుగా తెలుస్తుంది, వాడు ఫోనులో తిండి గురించి మాట మారుస్తాడు. వీడియోలో వాడి వేళ్లు చూస్తాను. నూనె పట్టి, గోళ్ల పక్కన చర్మం పగిలి ఉంటుంది. కొబ్బరినూనె రాసుకోమంటే, చేతికి జిడ్డుంటే పనిముట్టు జారుతుందమ్మా అంటాడు.

ఉప్పల్ ప్రార్థన గుంపు:
అమ్మా, మీ త్యాగానికి వందనాలు. అయితే హ్యాంగర్ గారు నన్ను అబద్ధ సాక్షుల పక్షాన నిలబెట్టినందుకు బాధగా ఉంది. ప్రాణాలకు తెగించి వెళ్లినవారే మిషనరీలు. 1956లో ఈక్వెడార్‌లో ప్రాణం ఇచ్చిన మిషనరీ పైలట్ నేట్ సెయింట్ లెక్కలు చూసుకుని కూర్చున్నారా?

బేగంపేట హ్యాంగర్:
మీరు ఎంచుకున్న పేరే నా పక్షాన మాట్లాడుతుంది. 1945లో మొదలైన మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ సంస్థ వారి తొలి విమానాన్ని 1946లో మెక్సికోకు నడిపింది బెట్టీ గ్రీన్ అనే మహిళా పైలట్. అదే ఏడాది అక్కడ ఆ విమానం దెబ్బతింటే, దాన్ని బాగుచేయడానికి వెళ్లిన మెకానిక్ ఈ నేట్ సెయింటే. విరిగిన రెక్కను ప్రార్థనతో సరిపెట్టి ఆయన ఎగరనివ్వలేదు, కూర్చుని బాగుచేశారు. తెగింపు తన ప్రాణం విషయంలో చూపవచ్చు గాని, ప్రయాణికుల ప్రాణం విషయంలో చూపడానికి ఎవరికీ హక్కు లేదు.

తిరిగి వచ్చినవాడు:
ఇద్దరూ కోపం తగ్గించుకోండి. నేను నాలుగేళ్లు చేసి, పోషణ చాలక తిరిగి వచ్చాను. ఒక వర్షాకాలపు సాయంత్రం, రోగి ఎదురుచూస్తున్నాడని తొందరపడి, డ్రమ్ము నుండి నింపిన ఇంధనంలో నీరుందో లేదో ఒకే ఒక డ్రెయిన్ (అడుగు నుండి కొంచెం ఇంధనం తీసి చూసే రంధ్రం) దగ్గర చూసి సరేననుకున్నాను. పైలట్ అనుమానంతో రెండో డ్రెయిన్ తెరిస్తే, గాజు గొట్టం అడుగున నీటి బుడగలు ముత్యాల్లా దొర్లాయి. ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ ఆ గొట్టం కనిపిస్తుంది. అందుకని నేను హ్యాంగర్ గారి పక్షమే. అయితే ఉప్పల్ వారి దుఃఖం కూడా నిజమైనదే, విమానం నిలిపివేసిన రాత్రి మెకానిక్‌కు నిద్ర ఉండదు. ఇంకొక మాట, చాలా సంస్థలు అమెరికా వారి ఏ అండ్ పీ అనే విమాన మెకానిక్ సర్టిఫికెట్ అడుగుతాయి. దానికి ఫ్రేము (విమాన దేహం), ఇంజను రెండింటి మీద కలిపి 30 నెలల అనుభవం, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం కావాలి. బైబిలు శిక్షణ ఎంత కావాలన్నది సంస్థను బట్టి మారుతుంది, ముందుగా వారినే అడుగు.

ఉప్పల్ ప్రార్థన గుంపు:
మీ అనుభవం చదివాక నా మాట తొందరపాటుదని ఒప్పుకుంటున్నాను. హ్యాంగర్ గారూ, క్షమించండి.

మౌలాలి కుర్రాడు:
నిన్న రాత్రి అమ్మగారు చెప్పినట్లే కాగితం రాసి నాన్న ముందు పెట్టాను. ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లారు. మామయ్య షెడ్డులో పాత ఇంజను బోల్టులకు, అవి వదులు కాకుండా మెలిపెట్టి కట్టే సేఫ్టీ వైరు కట్టడం మొదలుపెట్టాను. అంగుళానికి ఆరు నుండి ఎనిమిది మెలికలు రావాలని చదివాను. ఎనిమిదిసార్లు తెగింది, తొమ్మిదోసారి నిలిచింది.

బేగంపేట హ్యాంగర్:
ఫొటో పెట్టు తమ్ముడూ. మెలికలు తరువాత లెక్కపెడదాం, ముందు ఆ వైరు బోల్టును బిగించే వైపుకు లాగుతోందో, వదులు చేసే వైపుకు లాగుతోందో చూడాలి.