అప్‌డేట్: థైరాయిడ్ మాత్ర, అమ్మకు గుండె దడ

థైరాయిడ్ తక్కువగా ఉందని వేసుకునే మాత్ర (లెవోథైరాక్సిన్) 75 నుంచి 100 మైక్రోగ్రాములకు పెంచినాక అమ్మకు దడ ఎందుకని అడిగినాను కదా. అనంతపురంలో ఈసీజీ తీయిస్తే బాగుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను, మందు ఎక్కువైతే ఇది తగ్గిపోతుంది) మాత్రం బాగా తక్కువ, 0.08. అంటే డోసు ఎక్కువైంది. డాక్టరు 88కి తగ్గించినారు. దడ వెంటనే పోదు: ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది, అందుకే మళ్లీ పరీక్ష 6-8 వారాలకు. అంతవరకు సొంతంగా ఆపేయకూడదు.

పరగడుపున నీళ్లతో వేసుకుని కాఫీకి అరగంట నుంచి గంట ఆగాల (అమ్మకు ఇదే కష్టం). కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం. జుట్టుకని వాడే బయోటిన్ అనే విటమిన్‌ను రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందే ఆపాల, లేకుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. మా ఎండలకు సీసా పొయ్యి దగ్గర వద్దు.

ఊరికే కూర్చున్నా నాడి 100 దాటి తగ్గకపోయినా, లయ తప్పినా, ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా వెంటనే ఆసుపత్రికే.